నేను పైకి చదివిన రిపోర్టు

డిగ్రీ రెండో ఏడు అయ్యాక మా టెక్కలి కాలేజీవాళ్లు రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలన్నారు. నేను కాశీబుగ్గలో ఒక సేవాసంస్థలో చేరాను. ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లని ముందుగా గుర్తించి ఆసుపత్రికి చేర్చడం వాళ్ల పని. నిజం చెప్పాలంటే, సేవాభావం కన్నా మా ఊరినుంచి నేరుగా బస్సు ఉండడమే నేను చేరడానికి పెద్ద కారణం.

అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక అక్కకి నన్ను అప్పగించారు. ఊళ్లో రక్తం తీయించి, తర్వాత రిపోర్టులు ఇంటింటికీ పట్టుకెళ్లి ఇచ్చేవాళ్లం. అక్క పద్ధతి నాకు మహా చిరాకు. గుమ్మం ఎక్కగానే "కాసిన్ని మంచినీళ్లిప్పించు" అంటూ ఆ మనిషిని పెరట్లోకి నడిపించేది. అక్కడ పంటలూ పిల్లలూ ఆవుదూడా అన్నీ అడిగి, చివర్న గొంతు తగ్గించి, కిడ్నీ ఎంత పాడైందో తెలిపే క్రియాటినిన్ ఎంతొచ్చిందో చెప్పేది. ఒక్కో ఇంటికి అరగంట. ఈ లెక్కన ఊరు ఉద్ధరించినట్టే అని లోలోపల విసుక్కునేదాన్ని.

ఒకరోజు అక్క ఎవరినో పలాస ఆసుపత్రికి తీసుకెళ్లాల్సొచ్చి, రిపోర్టులు నా చేతికిచ్చి పంపింది. ఉద్దానంలో ఇళ్లు గోడకి గోడ ఆనుకుని వరుసగా ఉంటాయి. అరుగులన్నీ కలిసిపోయి ఈ కొసనుంచి ఆ కొసకి ఒకటే అరుగులా ఉంటుంది. ఒకింట్లో దగ్గితే నాలుగిళ్లకి వినిపిస్తుంది. ఆ వరుస నడిమింట్లో ఉండే ఆయన కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. యాభై దాటినా చుట్టుపక్కల తోటలకి ఆయన్నే పిలిచేవారు. నేను వెళ్లేసరికి ఒక రైతు మర్నాటి దింపుకి మాట్లాడ్డానికొచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

నా చేతిలో కాగితం చూసి ఇంటాయన లేచాడు. "లోనకి రా తల్లీ, మంచినీళ్లు తాగి ఎల్దువుగాని."

"వద్దు బావూ, దాహం లేదు" అన్నాను. అని, అరుగుమీద నిలబడే చదివాను. క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాల్సింది నాలుగు దాటిందనీ, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించుకోవాలనీ, చెట్లెక్కడం మానెయ్యాలనీ స్పష్టంగా, అందరికీ వినపడేలా చెప్పాను. బాగా చెప్పానని కూడా అనుకున్నాను.

రైతు తువ్వాలు దులుపుకుని లేచాడు. "రెస్టు తీసుకో బావా. రేపటికి ఇంకోల్ని సూసుకుంతాన్లే" అని దిగి వెళ్లిపోయాడు. అటూ ఇటూ అరుగులమీద మాటలు ఆగిపోయాయి.

ఆ వారం ఆయన్ని ఒక్కరూ పనికి పిలవలేదు. ఆయనా ఆసుపత్రికి వెళ్లలేదు. సంగతి అక్కకి తెలిసింది. "పద, ఎల్దాం" అని నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది.

ఆయన భార్య జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్లకుండా ఇంట్లోనే ఉంది. నన్ను చూసి, "ఆడి జబ్బు ఆడికి తెల్దేటే గుంటా? కాల్లు వాసి నెల్లవుతంది. ఈ సీజను ఎక్కేసి, తర్వాత ఆసుపత్రికెల్తానన్నాడు. నానూ ఊరుకున్నాను" అంది. చెట్టెక్కడం ప్రమాదమే, నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ తన ఒంటి సంగతి ఎప్పుడు ఎవరికి చెప్పుకోవాలో ఆయన ఇష్టం. దాన్ని నేను లాక్కున్నాను.

అప్పుడే ఆయన లోపల్నుంచి వచ్చాడు. ఇంకా ఎక్కగలనని అందరికీ చూపించాలనేమో, కాళ్లకేసుకునే తాడు తీసుకుని వీధికెదురుగా ఉన్న తన చెట్టు దగ్గరికి వెళ్లాడు. అక్క వద్దంటున్నా వినలేదు. వరుస మొత్తం అరుగులమీదికొచ్చి నిలబడింది. ఆయన సగం దాకా చకచకా ఎక్కాడు. తర్వాత ఆగాడు. మానుని రెండు చేతులా కావలించుకుని, నుదురు దానికి ఆనించాడు. పైకి వెళ్లడు, కిందికి దిగడు. అంతమంది చూస్తుండగా దిగడం ఆయనవల్ల కావడం లేదని నాకు అర్థమైంది.

ఆయన భార్య చెట్టు మొదట్లోకి వెళ్లింది. "దిగొచ్చీ మావా. ఎవులూ సూడ్డం నేదు" అంది.

ఆ మాట అన్నాక, కొస ఇంటి ముసలమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత పక్కింటివాళ్లు. తర్వాత ఒక్కొక్కరూ. తలుపులు మూసుకున్నారు.

వీధిలో చూస్తూ నిలబడ్డది నేనొక్కదాన్నే. అక్క నా భుజం పట్టి గోడవైపు తిప్పింది. ఆయన పాదాలు మానుకి రాసుకుంటూ మెల్లగా కిందికి దిగుతున్న చప్పుడు నాకు వినిపించింది. నేను తల తిప్పలేదు.