టేపు మీది అంకె

ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లోని ఆ ల్యాబుకి ప్రొఫెసర్లు వస్తారు, పోతారు. లోర్నా పాస్కో మాత్రం ఇరవై ఆరేళ్ళుగా ఆ మెషీను దగ్గరే ఉంది. రెండు సిరంజీల్లో రెండు ద్రవాలు పోసి మీట నొక్కితే, రెండూ కలిసి దీపపు వెలుగు ముందుకి దూకుతాయి. రంగు ఎంత వేగంగా మారిందో మెషీను గీత గీసి చూపిస్తుంది. అంతా రెప్పపాటులోపే.

అయితే కలిసిన ద్రవం వెలుగు దాకా చేరేలోపు జరిగింది ఎవరికీ కనబడదు. ఆ గుడ్డి క్షణం ఎంతో తెలిస్తేనే, పోయిన ముక్కని లెక్కగట్టి గీతకి అతికించగలరు. ఏటా జనవరిలో, అక్కడి ఎండాకాలంలో, ల్యాబు ఖాళీగా ఉన్నప్పుడు, లోర్నా దాన్ని కొలిచి టేపు మీద రాసి మెషీనుకి అంటిస్తుంది. విద్యార్థులకి ఆ అంకె వేదవాక్కు.

ఈ జనవరిలో ఆమె భర్త కాలిన్‌కి గుండె ఆపరేషను జరిగింది. పాత అంకెకే కొత్త తేదీ వేసి అంటించింది, తర్వాత కొలుద్దాంలే అనుకుని. ఆ 'తర్వాత' రానే లేదు.

సెప్టెంబరులో ఒక పొద్దున, పరిశోధన చేస్తున్న టాంసిన్ మెషీను ముందు తల పట్టుకుని కూర్చుంది. సోమవారం థీసిస్ ఇచ్చేయాలి.

"రంగు ఎన్నిసార్లు చూసినా తక్కువే వస్తోంది లోర్నా. ద్రవంలో నా ఎంజైము నాలుగోవంతు చచ్చిపోయింది. అదే రాసేస్తున్నా. నా చేతిలో ఏదీ బతకదు."

లోర్నా చూపు టేపు మీది తేదీ మీద పడింది. "టీకి వెళ్ళు తల్లీ, పదిన్నరైంది," అని పంపించి, కొలిచింది. సిరంజీ లోపలి సీలు అరిగి తోపుడు మందగించింది. గుడ్డి క్షణం దాదాపు రెట్టింపైంది; తగ్గిన రంగంతా అందులోనే పోయింది. ఎంజైము నిక్షేపంలా ఉంది. కంచే చేను మేసింది.

గుట్టుగా కొత్త సీలు వేసి టేపు మార్చేస్తే అడిగేవాడు లేడు. అబద్ధమెందుకు, ఆ ఆలోచనా వచ్చింది. సిగ్గేసింది. లేచి టీ గదికి నడిచింది.

"మెషీనుని వదిలి వచ్చావే! ఇవాళ వాన ఖాయం," అన్నాడు స్టోర్సు చూసే డెస్, లామింగ్టన్ కేకు నములుతూ.

"ఆ అంకె తప్పు," అంది లోర్నా అందరి ముందూ. "ఈ ఏడు నేను కొలవలేదు. టాంసిన్, నీ ఎంజైముకేం కాలేదు."

టాంసిన్ కప్పు కింద పెట్టింది.

"ఆర్నెల్లు నన్ను నేనే తిట్టుకున్నాను లోర్నా."

"ఇప్పుడు నన్ను తిట్టు."

"సోమవారం తర్వాత తిడతాను, తీరిగ్గా." టాంసిన్ కళ్ళు తుడుచుకుని పెన్ను తీసింది. "ముందు అసలు అంకె చెప్పండి."

లోర్నా చెప్పబోయింది. నోటిమాట చాలదనిపించింది. పెన్ను అందుకుని, టాంసిన్ అరచేతిలో రాసింది.