గాజుతీగకు కుంకుమ బొట్టు

శక్తినగర్ పొగగొట్టాల నీడలో బతికే పంపన్నకు దేని మీదా పెద్ద కోపం లేదు గానీ, దుమ్ము మీద మాత్రం పగ ఉంది. పడుచుతనమంతా ఒక గుత్తేదారు కింద కరెంటు కార్ఖానా బూడిద ఎత్తాడు. తర్వాత ఇంటర్నెట్ కంపెనీలో లైన్‌మన్‌గా చేరితే, వాళ్లు చేతిలో పెట్టింది వెంట్రుకంత గాజుతీగ. దాని కొనకు నలుసంటినా లోపలి వెలుగు ముందుకు పోదు. ఆ తీగ రాయచూరు నుంచి శక్తినగర్ టవరు దాకా వస్తుంది. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డునున్న తొమ్మిది ఊళ్లకు ఇంటర్నెట్ గాలిలోనే పోతుంది, పళ్లేల్లాంటి యాంటెనాలతో. ఆ రాతినేల తవ్వించే ఖర్చు కంపెనీకి రుచించలేదు మరి. తొమ్మిది ఊళ్లూ ఆ ఒక్క కొన మీదే ఆధారం. పదకొండేళ్లుగా పంపన్న దాన్ని స్పిరిట్‌తో తుడుస్తూ, ఎవరైనా తుమ్మబోతే టవరు కింది గదిలోంచి బయటికి తరుముతున్నాడు.

ఆ పదకొండేళ్లూ ఆయన ఉద్యోగం తాత్కాలికమే. ఈసారి దసరా దాకా మూడు నెలలు లైను తెగకుంటే పర్మనెంటు చేస్తామన్నారు. ఆయుధపూజ నాడు మేనేజరు వెంకోబరావు ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు. అది బయటికి తొంగి చూస్తుంటే పంపన్న కళ్లు అక్కడే అతుక్కుపోయాయి.

నిచ్చెనకు, పటకారకు, బ్యాటరీలకు పంపన్న అప్పటికే విభూతి పెట్టి ఉంచాడు. అది వెంకోబరావు కంటికి ఆనలేదు. అసలు ఆయుధం తీగ కదా, దాన్ని వదిలేసి నిచ్చెనకు మొక్కడమేమిటని కోప్పడ్డాడు.

“సార్, దాని మూతికి మన ఊపిరి గూడ తగలొద్దు,” అన్నాడు పంపన్న.

“నాకే నేర్పిస్తవా? రెండు నిమిషాలు పీకితే ఏంగాదు. పూజ టైము లెక్కల రాదు.”

ఇక్కడ పంపన్న కాదనాల్సింది. అనలేదు. జేబులోని కాగితం ఆయన నోరు మూసింది. ఇన్నేళ్లు కాపాడినదాన్ని తన చేత్తోనే పీకి ముందుకు చాపాడు. వెంకోబరావు ఉంగరపు వేలితో నిండుగా బొట్టు పెట్టాడు. హారతయ్యాక తీగను మళ్లీ మెషీన్లో గుచ్చితే, దాని మీద పచ్చదీపం బదులు ఎర్రదీపం వెలిగింది. తొమ్మిది ఊళ్ల నుంచీ ఫోన్లు మొదలయ్యాయి.

తీగనూ, అది దూరే రంధ్రాన్నీ తుడిచి పంపన్న అరగంటలో లైను తెచ్చాడు. అప్పటికే వెంకోబరావు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులోకి దింపేశాడు. షరతు షరతేనన్నాడు. రిజిస్టరులో కారణం దగ్గర లైన్‌మన్ నిర్లక్ష్యమని రాసి సంతకం పెట్టమన్నాడు.

పంపన్నకు కోపమొచ్చింది. మేనేజరు మీద సగం, చేయి చాపిన తన మీద సగం. ఆ మాట రాయకుండా, తీగ తుడిచిన తెల్లగుడ్డను కారణం గడిలో పిన్ను కొట్టాడు. దాని మీద కుంకుమ ఇంకా తడిగా ఉంది. కింద తన సంతకం చేసి, మేనేజరు చేయాల్సిన చోటు వేలితో చూపించాడు.

“మీరు గూడ చెయ్యిండ్రి సార్. బొట్టు పెట్టింది మీరే గద.”

ఆ పేజీలో వెంకోబరావు సంతకం ఇప్పటికీ పడలేదు. పంపన్న పర్మనెంటు కాగితం మీదా పడలేదు.