మొవ్వులో పోసిన మజ్జిగ

ఆ తాటిమొక్క మొవ్వు కుళ్ళడానికి కారణం నేనే. అంకుల్ పోసిన నీళ్ళు కాదు. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

అప్పట్లో మలేషియాకు వంతెన ఇవతలి చిన్న దేశంలో, యూ టీ అనే పేటలో ఉండేవాళ్ళం. కంప్యూటర్ ఉద్యోగాలు వెంటపడి మరీ వచ్చే రోజులు. ఏడాదికో కంపెనీ మారుతూ, నాకు చేతకానిదేదీ లేదనుకునేవాణ్ణి. మా బ్లాకు కింద నాలుగు బారల మట్టి ఉండేది. అందరూ అందులో కరివేపాకు, పసుపు, అరటి వేసుకునేవారు. నేను మాత్రం మంచులో బతికే రకం తాటిమొక్క తెచ్చి నాటాను. మంచునే ఓర్చుకున్నది ఎండను ఓర్చుకోదా అని నా ధీమా.

"ఏటి బాబూ, సలిదేశం సెట్టు ఇక్కడ నిలవదు లా," అన్నారు రెండో అంతస్తు అంకుల్. ఆయన మలేషియాలో పుట్టిన తెలుగువారు; అక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తారు. అక్కడ పామాయిల్ తోటలో నారుమళ్ళు చూసి, రిటైరై కూతురి దగ్గరికి వచ్చారు. ఊళ్ళకు వెళ్ళేటప్పుడు బ్లాకులో అందరూ మొక్కలు ఆయనకే అప్పగించేవారు.

"పామాయిల్ వేరు, ఇది వేరు అంకుల్," అన్నాను.

మొక్క ఒక్క కొత్త ఆకూ వేయలేదు. గొడుగు కట్టాను. మట్టి మార్చాను. రోజూ వాన, రోజూ ఉక్క. చలికాలమే లేని ఊళ్ళో దానికి చలి ఎక్కడి నుంచి తెచ్చివ్వను? ఆకుల కొనలు మాడుతుంటే నాకు ఒళ్ళు మండేది, మా ఆవిడకు నవ్వొచ్చేది. "వేడి చేసిందేమో, మజ్జిగ తాగించండి," అంది. ఆమె వేళాకోళానికే అంది. నేను నిజంగానే పోశాను. వారం పాటు, ఆఫీసుకు వెళ్ళేముందు, గ్లాసుడు పల్చటి మజ్జిగ, తిన్నగా ఆకులు పుట్టే మొవ్వులోకి.

తర్వాత ఆఫీసు పని మీద పది రోజులు వేరే దేశం వెళ్తూ మొక్కను అంకుల్‌కి అప్పగించాను. తిరిగొచ్చి నడిమి ఆకు పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. పులిసిన వాసన. అదేమిటో నాకు తెలుసు. అయినా కింద బెంచీల మీది ఆంటీలు అడిగితే, "అంకుల్ నీళ్ళు ఎక్కువ పోసేశారు," అన్నాను.

ఆయన అక్కడే ఉన్నారు. "మొదలు దగ్గరే పోసినాను బాబూ. మొవ్వులో సుక్క కూడా ఎయ్యలేదు."

నేను ఊడిన ఆకును చెత్తబుట్టలో పడేసి లిఫ్టు వైపు నడిచాను.

ఆ తర్వాత ఎవరూ ఆయనకు మొక్కలు అప్పగించలేదు. ఆయన కిందకు రావడమే తగ్గించేశారు. మేము ఊరి మరో చివరనున్న పుంగ్గోల్‌కి మారిపోయాం.

మొన్న పాత బ్లాకుకు వెళ్ళి అంకుల్‌కి చెప్పాను. మజ్జిగ మాట వింటే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నాకు తెల్దేటి? వాసన నాకూ వొచ్చింది. నాకు సెప్పి ఏటి లాభం, కింద ఆళ్ళకి సెప్పు."

ఆయన చెయ్యి పట్టుకుని లిఫ్టులో కిందకు తీసుకొచ్చాను. ఆనాటి ఆంటీలలో ఇద్దరే ఉన్నారు. వాళ్ళ ఎదుట నిలబడి అన్నాను: "ఆ మొక్కను చంపింది నేను. తెలిసే అంకుల్ మీదికి నెట్టాను. అంకుల్, నన్ను క్షమించండి."