మగవాళ్ల వైపు డిస్క్

ట్యాబ్‌లో బొమ్మ కదులుతోంది. మాట రావడం లేదు.

జుబేదా సౌండ్ బొత్తాన్ని చివరిదాకా నొక్కింది. తెర అడుగున ఇంగ్లీషులో ఏదో వచ్చి పోయింది. ఆడపడుచు ముబాషిరా అది చదివి, "ఈ రకం సౌండ్ దీనికి రాదంట భాబీ" అంది.

జుబేదా భర్త వలి బాషా గిద్దలూరులో ఆటో నడిపేవాడు. ఎండాకాలంలో ఒకరోజు రాచర్ల రోడ్డు పక్కన ఆటో ఆపి, హ్యాండిల్ మీద తల వాల్చాడు. మళ్లీ ఎత్తలేదు. భర్త పోయిన ఆడమనిషి గడప దాటకూడని ఇద్దత్ గడువు అప్పుడు మొదలైంది. వచ్చినవాళ్లు జుబేదాను పట్టుకుని ఏడ్చారు. ఆమె వాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది. "ఏడ్చెయ్ తల్లీ, లోపల పెట్టుకోవద్దు" అన్నారు. లోపల ఏమీ లేదు.

ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఆయన గొంతు గుర్తు చేసుకోబోయింది. మాటలు వచ్చాయి. అన్నం పెట్టు. తాళాలు యాడ పెడితివి. ఆ ఫ్యాను తగ్గించు. అన్నీ ఆమె గొంతుతోనే వినిపించాయి. మరునాడు కూడా అంతే. బాషాది బటన్ల ఫోను. అందులో ఆయన మాట ఒక్కటీ లేదు.

పెళ్లి వీడియో ఉంది. ఆ పెళ్లిలో ఆడవాళ్లు ఇంట్లో, మగవాళ్లు బయట పందిట్లో కూర్చున్నారు. వీడియో కూడా అట్లనే రెండు డిస్కులు చేశారు. ఆడవాళ్ల వైపుది జుబేదా దగ్గరే ఉంది. అందులో బాషా చివర్లో వస్తాడు, ముఖం మీద పూల సెహరా, నోరు విప్పడు. మగవాళ్ల వైపుది అత్త పెట్టెలో ఉండి, ఆమె పోయాక పొదిలిలో ముబాషిరా ఇంటికి చేరింది. నిఖా జరిగింది ఆ వైపు. ఖాజీ అడిగితే, ఒప్పుకున్నానని బాషా "కబూల్" అన్నది ఆ వైపు. ఆ మాట ఆ రోజు జుబేదా వినలేదు. ఇప్పుడు వింటే గొంతు దొరుకుతుంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

ముబాషిరా డిస్కును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చింది. ట్యాబ్ మొదట ఆ ఫైలునే తెరవలేదు. ఇంకో ప్లేయర్ ఎక్కించాక ఇదుగో, బొమ్మ ఒక్కటి వచ్చింది.

తెర మీద సన్నటి మనిషి. ఎవరో సెహరా పక్కకు తీశారు. ఖాజీ వంగి అడిగాడు. పెదాలు కదిలాయి.

"భయ్యా ఎంత బక్కగ ఉండె చూడు! పూల బరువుకే వంగిపోతాండాడు" అని నవ్వి, ముబాషిరా కళ్లు తుడుచుకుంది.

"కబూల్ అన్నాడా?"

"అనక? అనకుంటే ఇన్నేండ్లు నీ చేతి కారం ఎవరు తినింటారు?"

గడువు తీరింది. మొదట పుట్టింటికి పోతుందని అందరూ అనుకున్నారు. జుబేదా బురఖా వేసుకుని ముబాషిరాతో సుందరరాజు దుకాణానికి పోయింది. ఒకప్పుడు అది స్టూడియో. ఆ పెళ్లి వీడియో తీసింది సుందరరాజే. ఇప్పుడు అదే గదిలో మొబైళ్లు బాగుచేస్తాడు.

"ఫైలుకేం కాలేదు చెల్లెమ్మా. సౌండ్ వేరే రకం. ఎంపీ ఫోర్ చేసిస్తా, నీ ట్యాబే పలుకుతాది."

ఏం వినాలనుకుందో ఆమె చెప్పలేదు. కంప్యూటర్‌లో పచ్చగీత నిదానంగా సాగింది. జుబేదా స్టూలు మీద కూర్చుని దాన్నే చూసింది.

ఫైలు ట్యాబ్‌లోకి వచ్చింది. సుందరరాజు నొక్కాడు. సినిమా పాట.

"చూసినావా! యాడా గీత పడలే" అన్నాడు మురిసిపోతూ.

ఖాజీ వంగాడు. పెదాలు కదిలాయి. గాయకుడెవరో పాడుతూనే ఉన్నాడు. ఆ పాట అయిపోయి ఇంకొకటి మొదలైంది. అప్పటికి పందిట్లో భోజనాలకు లేస్తున్నారు.

"మాటలు లేవా అన్నా?"

"ఏం మాటలు?"

"నిఖా మాటలు."

సుందరరాజు గడ్డం గోక్కున్నాడు. "అప్పుడు పందిట్లో తీసిందానికంతా అట్లనే చేస్తుంటిమి. అసలు సౌండ్ తీసేసి పాటలు ఏస్తుంటిమి. ఉంచితే గలాటా తప్ప ఏముంటాదమ్మా, మైకు గరగర, పిల్లోళ్ల ఏడుపు."

"అసలు క్యాసెట్ లేదా?" ముబాషిరా అడిగింది.

"దాని మీద ఇంకో పెండ్లి తీసినాం. ఒకే క్యాసెట్ మీద ఎన్ని పెండ్లిండ్లో."

"ఎవరి పెండ్లి?" అంది జుబేదా.

"గుర్తులేదు. చంద్రశేఖరపురం వాళ్లదేమో."

ఆమె తల ఊపింది. ముబాషిరా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఏం చేయాలో తోచక సుందరరాజు మాటలు పెంచాడు.

"పాటలు నేను ఏరలేదులే చెల్లెమ్మా. బాషానే ఏరినాడు. రెండు సార్లు వచ్చి ఈడనే కూర్చున్నాడు. ఆ మొదటి పాట పాతదయ్యా, వద్దు అంటి నేను. వింటేగా! ఇదే ఉండాల అన్నాడు."

జుబేదా సుందరరాజు వైపు తిరిగింది.

"ఎట్ల అన్నాడు?"

"ఇదే ఉండాల అని."

"అట్ల కాదు. ఆయన అన్నట్ల అను."

సుందరరాజు ముబాషిరా వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆయన గొంతు సవరించుకుని, కొంచెం ముక్కుతో, కొంచెం సాగదీసి, "ఇదే ఉండాలన్నా" అన్నాడు.

అది సుందరరాజు గొంతే.

"సరే" అని జుబేదా ట్యాబ్ తీసుకుంది. ఎంతని అడిగింది. ఏమీ వద్దన్నాడాయన.