కణుజు కూత

బియ్యప్పిండి డబ్బా మూత తీస్తే నేను ముందు గాలి చూస్తాను. ఈ ఉదయమూ అంతే. రొట్టెలకని పిండి తీస్తుంటే వేళ్ళ సందుల్లోంచి చిటికెడు జారి, కింద పడకుండా కిటికీ వైపు తేలిపోయింది. గాలి ఇక్కణ్ణుంచి బయటికి పోతోందన్నమాట. బయట ఏ జంతువున్నా నేనిక్కడ ఉన్నానని దానికి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. హోటల్లో గదులు శుభ్రం చేసే దానికి జంతువుల గొడవెందుకని ఎవరైనా నవ్వొచ్చు. కాల్గరీ దాటాక కొండల మొదట్లో ఉన్న ఈ చిన్న ఊళ్ళో, పనివాళ్ళందరికీ కలిపి ఇచ్చిన ఈ వంటింట్లో, పచ్చి పిండి వాసన తగిలితే చాలు, నాకు ఓబులేసు అంకుల్ గుర్తొస్తారు. గుర్తొస్తే రొట్టె మాడేదాకా వదలరు.

ఆయన్ని మొదట చూసింది ఒట్టావాలో, కాలేజీలో చదువుతూ నేను వారాంతాల్లో పనిచేసిన షాపులో. అడవులకీ కొండలకీ వెళ్ళేవాళ్ళకు కావలసిన బూట్లు, బ్యాగులు, టెంట్లు అమ్మేవాళ్ళు అక్కడ. ఆ రోజుల్లో ఎటు చూసినా ఇండియా నుంచి చదువుకి వచ్చిన మేమే. క్లాసులో మేమే, బస్సులో మేమే, కాఫీ కౌంటర్ల వెనక మేమే, ఒక్కో బేస్‌మెంట్‌లో ఇరుక్కుని పడుకునేదీ మేమే. ఊరు మమ్మల్ని చూసి విసుక్కోవడం కూడా అప్పుడే మొదలైంది. షాపులో బూట్లు వేసుకుని చూడటానికి ఒక ఏటవాలు చెక్క ఉండేది. అందరూ దాన్ని చకచకా ఎక్కి, బాగున్నాయని కొనుక్కుపోయేవారు. డెబ్భై దాటిన ఈ పెద్దాయన మాత్రం ఎక్కడాన్ని లెక్కచేయకుండా, దిగేటప్పుడే అడుగడుగునా ఆగి కాళ్ళవైపు చూసుకుంటున్నారు. నా చొక్కా మీద పేరు చదివి, ఏ ఊరని తెలుగులోనే అడిగారు. నల్గొండ అన్నాను. ఆయనది కడప దగ్గరట. బూట్లు సరిపోయాయా అంటే తల అడ్డంగా ఊపారు.

"ఎక్కడానికి ఏ చెప్పులైనా చాలు పాపా. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగలగూడదు. కొండమీద కాళ్ళు పోయేది దిగేటప్పుడే."

ఆయన బూట్ల గురించే మాట్లాడుతున్నారని అప్పుడు అనుకున్నాను. ఆ మాటా ఈ మాటా కలిసి, నేను గది వెతుక్కుంటున్నానని ఆయనకి తెలిసింది. నెల తిరిగేసరికి ఊరి శివారు కనాటాలో వాళ్ళింటి బేస్‌మెంట్‌లో ఉన్నాను.

కనాటా తెలుగువాళ్ళు ఆయనకి వేటగాడని పేరు పెట్టారు. వ్రతానికి పిలిచి, పులిహోర వడ్డిస్తూ, ఈసారి ఏం కొట్టారని ఆటపట్టించేవాళ్ళు. ఆయన టెలికాం ఇంజనీరు. వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన సరదాగా అడవికి తీసుకెళితే, ఆ సరదా ముప్ఫయ్యేళ్ళు నడిచింది. ఆయన భార్య సరళ ఆంటీ తన వంటింట్లోకి ఆ మాంసాన్ని రానివ్వలేదు. గరాజ్‌లో దానికి వేరే ఫ్రీజరు, వేరే పొయ్యి. "ఆఫీసోళ్ళు రిటైర్ చేసినప్పుడు కేకు కోసినారు. అడవి రిటైర్ చేసినప్పుడు ఎవరూ ఏమీ కొయ్యలేదు" అని అంకుల్ ఒకసారి అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో నవ్వేమీ లేదు. తుపాకి మోతలు ఏళ్ళ తరబడి ఆయన చెవుల్ని తినేశాయి. చివరి వేటలో, ముందున్నది మనిషని స్నేహితుడు వెనకనుంచి అరుస్తున్నా ఆయనకి వినపడలేదట. ఆ మనిషి తనంతట తను కదలబట్టి బతికాడు. ఆ వారంలోనే తుపాకులన్నీ అమ్మేశారు. చెవి లేనివాడి చేతిలో తుపాకి ఉండకూడదన్నది ఆయన మాట.

తుపాకులు పోయినా ఒక కోరిక పోలేదు. వయసులో ఉండగా పనిమీద కాల్గరీ వెళ్ళినప్పుడు, ఎవరో ఆయన్ని తెల్లవారుజామున కొండల్లోకి తీసుకెళ్ళారు. అక్కడ ఎల్క్ కూత విన్నారు. ఎల్క్ అంటే మన కణుజు దుప్పి లాంటిదే, దానికన్నా పెద్దది. ఆయన ఎప్పుడూ కణుజనే అనేవారు. సెప్టెంబరులో మగది ఆడదాన్ని పిలుస్తూ కూస్తుంది. ఆ రోజు చేతిలో తుపాకి లేదు, చంపాలన్న ఆలోచనా లేదు. ఊరికే నిలబడి విన్నారు. చచ్చేలోపు అది ఇంకొక్కసారి వినాలి. అంతకుమించి ఆయన దేన్నీ అడగలేదు.

నేను పరిచయమైన వేసవిలో ఆ ప్రయాణానికి సర్దుతున్నారు. గరాజ్ నేలమీద నీలం టార్పాలిన్ పరిచి, దానిమీద సామానంతా పేర్చేవారు. ఊలు మేజోళ్ళు, దుర్భిణి, వానకోటు, చిన్న పొయ్యి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఇది లేకపోతే ఏమవుతుందని నన్నడిగేవారు. నాకు జవాబు తట్టకపోతే ఆ వస్తువు పక్కకి పోయేది. వానకోట్లు రెండూ వేసుకుని చూసి, చప్పుడు చేసేదాన్ని వదిలేశారు. తనకి వినపడని చప్పుడు అడవికి వినపడుతుందని ఆయనకి తెలుసు. అన్నిటికన్నా ముందు బ్యాగులో పడేది మాత్రం బియ్యప్పిండి నింపిన చిన్న ప్లాస్టిక్ సీసా. నొక్కితే పొగలా పిండి లేస్తుంది, గాలి ఎటో చూపిస్తుంది. షాపులో ఇందుకోసమే అమ్మే పొడి ఉందంటే, బియ్యప్పిండి ఉండగా పొడెందుకని కసిరారు. గాలి మన వీపు మీదనుంచి జంతువు వైపు పోతుంటే ఆట అయిపోయినట్టే. అప్పుడు వేటగాడు కోపం తెచ్చుకోకుండా లేచి ఇంటికి పోవాలి. ఆయన నాకు నేర్పిన వేట మొత్తం ఇదే.

నడుపుకుంటూ వెళ్ళడానికి ఆయనకి లైసెన్సు లేదు. ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయాక డాక్టరు తీయించేశాడు. నడపాల్సింది నేను. చదువు అయిపోయిన నాకూ అటే పని ఉంది. మా వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అప్పట్లో ఎవరి నోట విన్నా వెస్టే. వెస్ట్‌కి పోతే ఏదో ఒక ప్రావిన్సు నామినేషన్ ఇస్తుందని, వర్క్ పర్మిట్ అయిపోయేలోపు పీఆర్, అంటే ఇక్కడే ఉండిపోయే హక్కు, వస్తుందని అందరం నమ్మాం. ఆయన వెస్ట్‌లో కణుజుంది, నా వెస్ట్‌లో ఒక కాగితముంది. ఒకే కారులో వెళ్ళొచ్చనుకున్నాం.

కణుజును రప్పించడానికి వేటగాళ్ళు ఒక గొట్టంలో ఊది అచ్చం దానిలాగే కూస్తారు. ఒక సాయంత్రం పెరట్లో అంకుల్ అది సాధన చేస్తుంటే పక్కనే కూర్చున్నాను. అడుగున బరువైన గుర్రుతో మొదలై, ఒక్కసారిగా సన్నటి ఈలలా పైకి లేచి, అక్కడే నిలబడి తెగిపోయింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన గొట్టం దించి నా ముఖంలోకి చూశారు.

"పైకి పోయిందా?"

పోయిందన్నాను. చాలా పైకి పోయిందన్నాను.

"నాకు మొదలు ఒక్కటే వినపడుతుంది పాపా. ఆ పైది ఉన్నట్టు గుర్తు, అంతే."

చెవిలో మిషన్లు ఉన్నాయి కదా అన్నాను. అవి ఉన్నదాన్ని పెంచుతాయి గాని పోయినదాన్ని తేలేవట. చచ్చిపోయిన స్వరాలు తిరిగిరావని చెవుల డాక్టరు ముందే చెప్పేసింది. అయినా నిజం కణుజు కూత గొట్టం లాంటిది కాదని, కొండంతా మోగుతుందని, ఎదురుగా నిలబడితే ఎక్కడో ఒకచోట చెవికి తగలకపోదని ఆయన ఆశ. నాకు ఆ ఆశను చూస్తే భయమేసింది. వెళ్ళకపోతే ఒక బాధ, వెళ్ళి వినపడకపోతే ఇంకో బాధ.

ఆగస్టు చివర్లో మెట్లమీద మళ్ళీ పడిపోయారు. ఈసారి ఆసుపత్రి నుంచి వచ్చాక గుండె సంగతి డాక్టర్లు దాచకుండా చెప్పారు. దూరప్రయాణం కుదరదన్నారు. మర్నాడు నేను గరాజ్‌లోకి వెళ్ళేసరికి ఆంటీ బ్యాగు ఖాళీ చేస్తున్నారు. బట్టలు వాషింగ్ మెషిన్‌లోకి, పొయ్యి అటక మీదికి. ఆవిడ ఏడుస్తూనే మడతలు విప్పుతున్నారు. అంకుల్ కుర్చీలో కూర్చుని చూస్తున్నారు గాని వద్దనలేదు. ఆంటీ లోపలికి వెళ్ళాక పిండి సీసా నా చేతిలో పెట్టి, "గాలి తప్పింది పాపా. నువ్వు పో" అన్నారు. అంత నెమ్మదిగా ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకైతే ఆ గరాజ్‌ని తగలబెట్టాలనిపించింది.

ఒక్కదాన్నే వచ్చాను. హోటల్లో పని దొరికింది. ఆ సెప్టెంబరులోనే ఒక తెల్లవారుజామున, క్వార్టర్స్ వెనక పచ్చికలో పొగమంచు మధ్య కణుజు నిలబడి ఉంది. సీసా నొక్కి చూశాను. పిండి నా ముఖం మీదికే వచ్చింది. గాలి మంచిదే. అంకుల్‌కి ఫోన్ చేశాను. కనాటాలో అప్పటికే బాగా తెల్లవారింది. స్పీకర్‌లో పెట్టి ఆయన దగ్గరుంచమని ఆంటీకి గుసగుసగా చెప్పి, ఫోను చాచి పట్టుకున్నాను. కణుజు మెడ చాచి కూసింది. కొండ నిజంగానే మోగింది. ఆ సన్నటి స్వరం తెగేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

ఫోన్లో ముందు ఆంటీ గొంతు వినపడింది. "అయ్యో, ఎవరో ఏడ్చినట్టుందే" అన్నారావిడ. వెంటనే మాట మింగేశారు. తర్వాత అంకుల్ గొంతు, పండగనాడు పిల్లవాడికి ఉండేంత ఆత్రంగా.

"ఇంకా మొదలవ్వలేదా పాపా?"

పచ్చికలో అది రెండోసారి కూస్తోంది. చెప్పాల్సింది నేనే.

"గాలి మారింది అంకుల్. వెళ్ళిపోయింది."



"అయితే వెంటపడొద్దు. లేచి ఇంటికి పో."

ఆ చలికాలంలోనే ఆయన పోయారు. ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను ఎవరిదో పక్క దులుపుతున్నాను. సెలవు అడిగితే దొరకలేదు. ఏ నామినేషన్ కోసం వచ్చానో అది నా వంతు రాకముందే మూసేశారు. ఈ ఏడు మంచు పడేలోపు నా పర్మిట్ కూడా అయిపోతుంది. లేచి ఇంటికి పో అన్నారు అంకుల్, ఎవరూ తప్పించుకోలేని మాట అది. ఆయన చెప్పి కొనిపించిన బూట్లు మంచం కింద ఉన్నాయి. దిగేటప్పుడు బొటనవేలు తగలదు.

మళ్ళీ సెప్టెంబరు వచ్చింది. రొట్టె మాడిన వాసన పోవాలని ఇందాక కిటికీ బార్లా తెరిస్తే, చెట్ల అవతల అది కూస్తోంది. మొదలూ వినపడింది, ఆ పైదీ వినపడింది. పైకి పోయిందా అని అడిగేవాళ్ళే లేరు. లేచి వెళ్ళడం ఆయన నాకు నేర్పారు. కోపం లేకుండా వెళ్ళడం మాత్రం నాకింకా రాలేదు.