ఐదు బల్బుల మాట

మొన్న పొద్దున దుకాణం తాళం తీస్తుంటే కబురు వచ్చింది. నాంపల్లిలో మా టైపు సారు నిద్రలోనే పోయారు. అబిడ్స్‌లో మేడ మీద ఆయన నడిపిన క్లాసులో నేర్చుకున్నవాళ్లు గన్‌ఫౌండ్రీ బ్యాంకుల్లో, బషీర్‌బాగ్ ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు చూడని చివరి రెండేళ్ల సారు గురించి చెప్పాలని ఉంది. కరెంటు సామాన్ల దుకాణంలో లెక్కలు రాసుకునే నాకు మాటలు తక్కువ. కానీ ఇది తలుచుకుంటే ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను.

"ఒకటెనుక ఒకటి కొట్టాలె. రెండు మీటలు ఒక్కసారి నొక్కితే మిషన్ల కడ్డీలు చిక్కుపడ్తయ్," ఇదే సారు మొదటి పాఠం. ఆ చిక్కుపడ్డ చప్పుడు వినగానే, "ఎవరయ్యా గాడ కొట్లాట పెట్టింది?" అనేవారు. ఒంటి వేలితో కొట్టేవాణ్ని చూస్తే, "కోడి గింజలేరినట్టు ఏంది గది?"

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఎడమ చేత్తో రాయబోతే అన్నీ గీతలే. అక్షరాల అట్ట తెచ్చి వేలు పెట్టి చూపమంటే నెట్టేశారు. చాయ్ ఒక గుక్క తాగి మొహం తిప్పుకునేవారు.

"బతకాలని లేదు గావచ్చు బిడ్డా," అన్నారు సారు భార్య. మేమందరం ఆమెను అమ్మ అనేవాళ్లం.

కానీ ఎడమ చేతి వేళ్లు దుప్పటి మీద ఊరికే ఉండేవి కావు. వాటిని చూస్తుంటే తట్టింది. ఐదు వేళ్లకు ఐదు మీటలు. విడివిడిగా నొక్కితే ఐదు అక్షరాలే. కలిపి నొక్కితే ముప్పై ఒకటి. ఇంగ్లీషు అక్షరాలన్నీ పట్టి ఇంకా మిగులుతాయి. టెలిగ్రాంలో రాసినట్టు తెలుగు మాటలను ఆ ఇంగ్లీషు అక్షరాలతోనే చెప్పొచ్చు. ఆ సాయంత్రం సామాన్ల కోసం సుల్తాన్ బజార్ రద్దీలో దాదాపు పరుగెత్తాను.

అరచేతిలో పట్టే చెక్కముక్కకు కాలింగ్ బెల్లు మీటలు బిగించి, తీగలు లాగి, గుమ్మం పైన ఐదు బల్బులు పెట్టాను. ఏవి కలిసి వెలిగితే ఏ అక్షరమో గోడ మీద రాశాను. సారు ఒక్కరోజులో కంఠతా పట్టారు. వేళ్లే వినలేదు. ఒక మీట లేచాకే రెండోది దిగేది. జన్మంతా ఆయన నేర్పిన పాఠం మరి. చివరికి చెక్కముక్కను కూడా పక్కకు నెట్టారు.

అమ్మ వచ్చి దాన్ని మళ్లీ ఆయన చేతిలో పెట్టారు. "కొట్టుడు కాదు. అన్నం ముద్ద పట్టినట్టు పట్టున్రి. ముద్దను ఒక్కొక్క వేలుతోని పడ్తరా?"

సారు పట్టారు. మూడు బల్బులు ఒక్కసారి వెలిగాయి. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాను. "చాయ్‌ల చక్కెర లేదు."

"డాక్టరు వద్దన్నడని నేనే బంద్ చేసిన. గందుకా మొహం తిప్పుకున్నరు?" అమ్మ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ నేల మీదే కూలబడ్డారు.

బల్బులు మళ్లీ వెలిగాయి. ఈసారి నాకు. "నువ్వు కోడి లెక్క చదువుతవ్."

తర్వాత ఆయన ఆగలేదు. పాత శిష్యులొస్తే వాళ్ల ఇంగ్లీషు కూడా దిద్దేవారు. కిందటి నెల వెళ్లినప్పుడు అమ్మ వంటింట్లో ఇటు వీపు పెట్టి రొట్టెలు చేస్తున్నారు. గుమ్మం పైని బల్బుల వెలుగు ఆమె ముందున్న గోడ మీద పడి మారుతోంది. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఔ, వింటున్న. జర నిమ్మలంగ చెప్పున్రి."