ఊ అనడమే నా పని

కొక్కెం చేయడానికి పెద్ద విద్య అక్కర్లేదు. జానెడు చువ్వ కాల్చి, కొస సన్నగా సాగగొట్టి, దాగలి దిమ్మె మూతి మీద వంచితే అయిపోతుంది. నంద్యాలలో ఓ కాలేజీ మైదానంలో చేతిపనుల ప్రదర్శన పెట్టి, మా ఆయన చేతా నా చేతా చేయించింది అదే. జనం చూస్తుండగా చేయాలి, చల్లారాక వాళ్ళకే ఊరికే ఇచ్చేయాలి. మూడు రోజుల పని. నేను చెప్పేది ఆఖరి రోజు సంగతి.

మాది ఆళ్ళగడ్డ. రాళ్ళు చెక్కేవాళ్ళ ఊరు. వాళ్ళ ఉలులకు పదును పెట్టడం మా ఇంటి పని. పటకారు, సుత్తి మా ఆయనవి. సమ్మెట, కొలిమికి గాలి కొట్టే చక్రం నావి. పెళ్ళయిన ఏడాది నుంచి సమ్మెట కొట్టీ కొట్టీ నా కుడి భుజం కిందికి దిగిపోయింది. జాకెట్లు కుట్టే ఆమె కొలత తీసేటప్పుడల్లా నిటారుగా నిలబడమంటుంది. నిలబడే ఉన్నానమ్మా అంటాను.

ఉలి కొక్కెం లాంటిది కాదు. మొన కాల్చి, నీళ్ళలో కొస మాత్రం ముంచి తీసి, రాయికేసి రుద్దితే తెల్లగా మెరుస్తుంది. అప్పుడు పైనున్న వేడి కొసకు దిగుతుంటే రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత ఇటుక రంగు, ఆ వెనకే వంకాయ రంగు. ఇటుక రంగు కొసను తాకగానే మొత్తం ముంచేయాలి. ముందే ముంచితే మొన పెచ్చులూడుతుంది, ఆలస్యమైతే మెత్తబడి మడత పడుతుంది. రెప్ప వేసేంత సేపు కూడా ఆగదు ఆ రంగు.

రెండేళ్ళుగా మా ఆయనకు ఆ రంగులు కనపడటం లేదు. నిప్పులా ఎర్రబడ్డ ఇనుము కనపడుతుంది, దెబ్బ యాడ వేయాలో చేతికే తెలుసు. సన్న రంగులే పోయాయి. కంటి డాక్టరు దగ్గరికి ఒక్కడే పోయొచ్చాడు. ఏమన్నాడని నేనడిగితే చుక్కల మందు రాశాడని మాత్రం చెప్పాడు. ఓ రోజు పటకారుతో ఉలిని నీళ్ళ తొట్టి మీద పట్టుకుని, ముంచకుండా ఊరకే నిలబడ్డాడు. నాకు అర్థమై "ఊ" అన్నాను. ముంచాడు. ఆ రోజు నుంచి ఊ అనడం కూడా నా పనే అయింది. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. బయటికి పొక్కితే మాకు ఉలి ఇచ్చే నాథుడుండడు. ఇప్పటికే చాలామంది మిషన్లు కొనుక్కున్నారు, మా కొలిమి దగ్గరికి వచ్చేది ముగ్గురు శిల్పులే.

ప్రదర్శన ఆఖరి రోజు అక్కడివాళ్ళు, సన్న చువ్వలకు సమ్మెట ఎందుకు, చక్రం మేం మోటారుతో తిప్పిస్తాం, మీరు టేబుల్ దగ్గర కూర్చుని కొక్కేలు పంచండమ్మా అన్నారు. కూర్చోమన్నందుకు ఒళ్ళు సంతోషించింది. కొక్కేలకు రంగులతో పని లేదు కదా అని నేనూ ఊరుకున్నాను. జనం వరస కట్టారు. దీన్ని దేనికి తగిలించాలని ఒకరు, తుప్పు పడుతుందా అని ఒకరు. మహానంది నుంచి వచ్చిన ఒకాయన రెండు తీసుకుని, ఒకటి పక్కింటికి అంటూ మూడోది అడిగాడు. ఊరికే వస్తుందంటే పక్కిల్లు కూడా గుర్తొస్తుంది మనుషులకు.

మధ్యాహ్నం మైకులో ఒక మాట వినపడింది. పక్కన విగ్రహం చెక్కుతున్న శిల్పి ఉలికి ఇప్పుడే, మీ కళ్ళ ముందే పదును పెడతారని. ఆ శిల్పి మా కొలిమికి వచ్చే ముగ్గురిలో ఒకడే. మా ఆయన చేతకాదని చెప్పొచ్చు. ఎండగా ఉంది, రంగు తెలీదని చెప్పినా సరిపోయేది. చెప్పడు. ఉలి అందుకున్నాడు.

నాకూ ఆయనకూ మధ్య ఇరవై అడుగులు, వందమంది, ఒక మైకు. లేచాను గానీ వరస దాటి పోలేకపోయాను. ఆయన కొస ముంచి తీశాడు, రుద్దాడు, తొట్టి మీద పట్టుకున్నాడు. తల కొంచెం నా వైపు తిరిగింది. "ఊ" అన్నాను. గట్టిగానే అన్నాను. మైకు హోరులో కలిసిపోయింది, మళ్ళీ అరిచాను. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. అంత దూరం నుంచి ఆనకపోయినా నా లెక్కకు రంగు వచ్చిందీ, పోయిందీ, ఆయన ఇంకా నా మాట కోసం చూస్తూనే ఉన్నాడు. చివరికి ఆయనే ముంచాడు. జనం చప్పట్లు కొట్టారు.

శిల్పి ఆ ఉలిని రాయి మీద పెట్టి రెండు దెబ్బలు వేశాడు. రెండో దెబ్బకు ఆగి, మొనను బొటనవేలితో తడిమాడు. మడత పడిందని నాకు దూరం నుంచే తెలిసిపోయింది. అతను ఎవరి వైపూ చూడకుండా దాన్ని సంచిలో వేసి, ఇంకో ఉలి తీసి చెక్కడం మొదలుపెట్టాడు. అందరికీ అన్నీ బాగానే కనిపించాయి. మా ఆయన మళ్ళీ కొక్కేలు వంచడంలో పడ్డాడు, వంచిన ప్రతిదీ వంకరగా వచ్చింది.

సాయంత్రం సామాను సర్దుకుంటుంటే శిల్పి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అక్కా, రేప్పొద్దన ఉలులు తెస్తా. నువ్వు కొలిమికాడ ఉంటావు గదా?"

ఉంటానన్నాను. ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు, అతను చెప్పలేదు. మా ఆయన పక్కనే బొగ్గు సంచి మూతి కడుతున్నాడు. చెవుడు లేదు ఆయనకు. బస్సులో ఆళ్ళగడ్డ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది, అన్నిటికంటే నిద్ర వచ్చింది.

తెల్లారి అన్నట్టే వచ్చాడు శిల్పి. నేను చక్రం తిప్పాను, మా ఆయన ఉలి కాల్చి మొన సాగగొట్టాడు. మళ్ళీ కాల్చి, కొస ముంచి తీసి రుద్దాడు. నేను ఊ అనడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన తొట్టి దగ్గరికి పోలేదు. పటకారును ఉలితో సహా నా చేతికిచ్చాడు.

"నాకు రంగు కనపడ్తాల్యా. నువ్వే ముంచు."

శిల్పి ఎదురుగానే అన్నాడు. రెండేళ్ళు నాతో అనని మాట. సంతోషించే తీరిక ఎక్కడిది, కొసకు ఇటుక రంగు వచ్చేస్తోంది. ముంచాను. శిల్పి దాన్ని గుమ్మం పక్కనున్న రాయి మీద నాలుగు దెబ్బలు వేసి చూశాడు. మొన నిలిచింది.

నాకు ఏడుపొచ్చింది. ఈ ముక్క నిన్ననే చెప్పుంటే ఆ మైదానంలో అంత మంది మధ్య నేను పిచ్చిదాని మాదిరి ఊ ఊ అని అరిచేదాన్ని కాదు గదా అని తిట్టాను. ఆయన తల దించుకుని విన్నాడు. విని, వచ్చి నా పీట మీద కూర్చుని చక్రం పట్టుకున్నాడు.

"ఇంకా ఐదున్నాయక్కా," అన్నాడు శిల్పి.

భుజం లాగేస్తోంది. ఇట్లియ్యి అన్నాను.